పోపుగారి సబ్సిడీ

తొంభై అయిదులో ఒక ఆదివారం సాయంత్రం, విశాఖపట్నం వన్‌టౌన్‌లోని ఓ చర్చి హాల్లో, టైపు మాస్టారు నీలకంఠం గారు నలభై ముగ్గురు జాలరి ఆడవాళ్ళకి పోపుగారి తరఫున సబ్సిడీ మంజూరు చేశారు.

ఆ అధికారం ఆయనకి ఎవరూ ఇవ్వలేదు. మంజూరు చేసినట్టు ఆయనకీ తెలీదు. సభ అయ్యాక టీ తాగి, ఫాదర్ దగ్గర సెలవు తీసుకుని, ఇంటికెళ్ళి, వంకాయ కూర రెండోసారి వడ్డించుకుని తిని, పడుకున్నారు. సంగతి మర్నాడు పొద్దున్న ఆరింటికి, ఇన్‌స్టిట్యూట్ తాళం తీయబోయినప్పుడు బయటపడింది. మెట్ల దగ్గర్నించి వీధి మలుపు దాకా ఆడవాళ్ళు వరస కట్టి ఉన్నారు. ఒక్కొక్కరి చేతిలో రేషన్ కార్డు, దానికి పిన్నుపెట్టిన పాస్‌పోర్టు సైజు ఫొటో. ఆరింటి బ్యాచ్ పిల్లలు ఏదో కొత్త పరీక్షకి దరఖాస్తులు తీసుకుంటున్నారనుకుని, ఎందుకైనా మంచిదని వాళ్ళూ వరస చివర నిలబడ్డారు.

"మేస్టారూ, ముందు నానే ఉన్నాను," అంది మొదటి మనిషి. పేరు గంగాలమ్మ. పూర్ణా మార్కెట్ వెనక సందులో చేపలమ్ముతుంది. "నాలుగ్గంటలకే వచ్చీసేను. నా పేరు ముందు రాసుకోండి."

"దేనికి?"

"సబ్సిడీకి. నిన్న మాయిటేల మీరే కదేటి సెప్పేరు. పోపుగారిది."

మాస్టారు ఇంకా తాళంచెవి పట్టుకునే ఉన్నారు. గంగాలమ్మ గొంతు తగ్గించింది. "మాది నూకాలమ్మ తల్లి పూజండి. సర్చీ కాదు. అలగైనా మాకూ ఇత్తారా?"

"ఇత్తార్లేవే," అంది వెనకనించి పోతమ్మ, గంగాలమ్మ పక్కనే తట్ట పెట్టుకునే మనిషి. "అందరికన్నా అడుగునున్నోళ్ళకే ముందన్నారు కదా. నీకన్నా అడుగున ఎవులున్నారు? నానున్నాను. జరుగు."

నీలకంఠం మాస్టారు మాట జారే మనిషి కాదు. బాధంతా అక్కడే. ఆనందపురం దగ్గర పల్లెలో రైతుబిడ్డ. అన్నదమ్ములు పొలంలో కలుపు తీస్తుంటే ఈయన ఇంగ్లీషు గ్రామరులో కలుపు తీశారు. పోర్టులోనో స్టీల్‌ప్లాంట్‌లోనో గుమాస్తా అవుదామని వచ్చే పిల్లలకి పద్దెనిమిదేళ్ళుగా టైపు నేర్పుతున్నారు. పేజీకి మూడు తప్పులదాకా ఓర్చుకుంటారు. నాలుగోదానికి కాగితం మిషన్లోంచి లాగి, ఆ పిల్లాడి చేతనే నలిపించి బుట్టలో వేయిస్తారు. పెళ్ళికి పిలిస్తే వెళ్ళి, అక్షింతలు వేసి, శుభలేఖలో అచ్చుతప్పులు పెళ్ళికూతురి తండ్రికి చెవిలో చెప్పి మరీ వస్తారు. ఆ వీధిలో రెండు మూడు ఇళ్ళవాళ్ళు ఆయన్ని శుభలేఖ ఇవ్వకుండా నోటితోనే పిలవడం మొదలుపెట్టింది అందుకే.

అలాంటి మనిషి ఇందులో ఇరుక్కోవడానికి కారణం ఫాదర్ వర్కీ. ఆ పాదిరిగారిది కేరళ. వైజాగ్ వచ్చి ఏడాదయింది, తెలుగు ఇంకా పెరుగు అడగడం దగ్గరే ఉంది. మునిసిపల్ ఎన్నికలు వస్తున్నాయి కదా అని ఆయన ఓ పది ఆదివారాల కార్యక్రమం పెట్టారు. మనిషి గురించి, పని గురించి, ప్రభుత్వం గురించి పోపుగార్లు వందేళ్ళుగా ఏం చెబుతూ వచ్చారు, ఓటు వేసేవాడికి దానితో ఏం పని అన్నది విషయం. చర్చివాళ్ళే రావాలని లేదు, ఎవరైనా రావచ్చు. "ఏ గుర్తుకి వెయ్యాలో నేను చెప్పను. ఓటడగడానికి వచ్చినవాణ్ణి ఏం అడగాలో చెబుతాను," అని మొదటి రోజే అన్నారాయన ఇంగ్లీషులో.

ఆ ఇంగ్లీషు నోట్సంతా నీలకంఠం మాస్టారి దగ్గరే టైపయింది. టైపు చేసినవాడికి అర్థమయ్యే ఉంటుందని ఫాదర్ అనుకున్నారు. టైపు పని ఎరిగినవాళ్ళెవరూ అలా అనుకోరు. అక్షరం కంట్లోంచి వేళ్ళలోకి దిగుతుందే గాని, మధ్యలో బుర్ర దగ్గర ఆగదు. కాని ఫాదర్ అంతటివాడు "మీరే తెలుగులో చెప్పాలి" అంటే కాదనడానికి మాస్టారికి నోరు రాలేదు.

నాలుగు ఆదివారాలు బాగానే నడిచాయి. ఏ మనిషికైనా మనిషిగానే గౌరవం ఉందని, పని అన్నది కూలిడబ్బులకి మించినదని, నలుగురి మేలే రాజకీయమని, ఆ నలుగురిలోనూ పేదవాడి పీట ముందు వేయాలని మాస్టారు చక్కగా చెప్పారు. అయిదో ఆదివారం 'సబ్సిడియారిటీ' వచ్చింది. ఆ మాట ఆయన పద్నాలుగుసార్లు ఒక్క తప్పు లేకుండా కొట్టారు. ఇప్పుడు నలభైమంది ఎదురుగా, ఫాదర్ ఆగి తనవైపు చూస్తుంటే, దానికి తెలుగులో దగ్గరి చుట్టం ఎవరా అని వెతికారు. రేవులో రోజూ వినబడే డీజిలు సబ్సిడీ తగిలింది.

"సబ్సిడీ అన్నది అట్టడుగువాళ్ళ దగ్గరే మొదలవ్వాలి. పైవాళ్ళు దాన్ని తమ దగ్గరే ఉంచేసుకోకూడదు. ఇది పోపుగారి మాట," అన్నారు, స్పష్టంగా.

హాలు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. ఫాదర్ కళ్ళు చెమర్చాయి. ఈ సిద్ధాంతానికి తను చదువుకున్నచోట కూడా ఎవరూ చప్పట్లు కొట్టలేదట.

ఇదీ జరిగింది. ఇప్పుడు మెట్లమీద వరస ఉంది. మాస్టారు పక్కనున్న మందుల షాపు తెరిపించి ఫోన్ చేశారు. ఫాదర్ స్కూటరు మీద వచ్చారు. ఆయన్ని పక్కన నిలబెట్టుకుని, మాస్టారు తన జీవితంలో మొట్టమొదటిసారి జనం ముందు, "తప్పు నాదేనమ్మా. ఆ మాట సబ్సిడీ కాదు. ఇచ్చేది ఏదీ లేదు," అన్నారు. ఆరింటి బ్యాచ్ అంతా శ్రద్ధగా విన్నారు. వాళ్ళెవరూ ఆరోజు తర్వాత ఆయనకి అంతగా భయపడలేదు.

వరస కదల్లేదు.

"సరే, అది కాదు," అంది గంగాలమ్మ. "మరింకేటి? పొద్దున్నే సేపలొదులుకుని వచ్చినాం. దాని అర్థమన్నా సెప్పండి, పట్టుకుపోతాం."

ఈసారి ఫాదర్ నెమ్మదిగా చెప్పారు, మాస్టారు అంతకంటే నెమ్మదిగా తెలుగు చేశారు. చిన్నవాళ్ళు తమంతట తాము చేసుకోగల పనిని పెద్దవాళ్ళు లాక్కోకూడదు. వాళ్ళకి చేతకానిచోట పెద్దవాళ్ళు తప్పించుకోకూడదు, చెయ్యి వేయాలి. ఇంటిపని వీధి, వీధిపని ఊరు, ఊరిపని రాజధాని లాగేసుకుంటే మనుషులు చేతులు కట్టుకుని కూర్చోడానికి అలవాటుపడిపోతారు.

గంగాలమ్మ పోతమ్మకేసి చూసింది. తర్వాత రేషన్ కార్డు వెనకనించి నాలుగు మడతల కాగితం తీసి ఇచ్చింది.

కార్పొరేషన్ వాళ్ళ నోటీసు. సందులోంచి మంచునీళ్ళు రోడ్డుమీదకి పారుతున్నాయి, రిక్షాలకి దారి లేదు, వాసన. కాబట్టి చేపలమ్మేవాళ్ళందరూ రెండు నెలల్లో ఖాళీ చేసి, ఆనందపురం వెళ్ళే హైవే పక్కన కట్టించిన షెడ్డులోకి మారాలి.

"అక్కడ కొనేదెవులు? లారీలు కొంటాయేటి?" అంది పోతమ్మ. "తట్ట సూత్తే కండక్టరు బస్సే ఆపడు."

"మా యమ్మ ఆ సందులోనే అమ్మింది, నానూ అక్కడే అమ్ముతన్నాను," అంది గంగాలమ్మ. "ఇప్పుడు సెప్పండి మేస్టారూ. ఇది మా పనా, పెద్దోళ్ళ పనా?"

మాస్టారు చొక్కా చేతులు పైకి మడుచుకున్నారు. చేసిన తప్పు దిద్దుకునే అవకాశం ఇంత త్వరగా, ఇంటి గుమ్మంలోకే నడిచివస్తుందని ఆయన అనుకోలేదు. "మీరు నిశ్చింతగా ఉండండి. అంతా నేను చూసుకుంటాను," అన్నారు.

అన్నట్టే చూసుకున్నారు. సంఘం పెట్టారు. అధ్యక్షుడు ఆయనే, కార్యదర్శి ఆయనే. మీటింగులు ఇన్‌స్టిట్యూట్‌లోనే, ఆయన తీరికనిబట్టే. పదిరోజులు కూర్చుని ఇంగ్లీషులో తొమ్మిది పేజీల ఉమ్మడి అర్జీ, ఆయన మాటలో మహజరు, తయారుచేశారు. అందులో ఆరు శీర్షికలు, కింద గీతలు, ఒక్క తప్పు లేదు. సబ్సిడియారిటీకి మూడో పేజీ మొత్తం ఇచ్చారు. ఆడవాళ్ళు సంతకాలూ వేలిముద్రలూ వేశారు. మధ్యలో ఒకసారి గంగాలమ్మ, "ఆ నీల్ల సంగతి..." అని ఏదో చెప్పబోతే, "ఆరో పేజీలో ఉందమ్మా," అని ఆపేశారు.

భార్య నారాయణమ్మ ఇదంతా చూసి ఒక్కమాటే అంది. "సేపలు మీరు అమ్ముతారా, ఆళ్ళమ్ముతారా?"

మాస్టారు దాన్ని ఆడవాళ్ళ హాస్యం కింద తీసుకున్నారు.

కార్పొరేషన్ ఆఫీసులో ఉన్న అధికారి మర్యాదస్థుడు. అందరికీ కుర్చీలు వేయించాడు. తొమ్మిది పేజీలూ తిరగేసి, గంగాలమ్మకేసి చూసి, "మరి మంచునీళ్ళు ఎటు పంపిస్తారమ్మా?" అని అడిగాడు.

"ఆరో పేజీలో రెండో పేరా, సార్," అన్నారు మాస్టారు.

"మిమ్మల్ని అడగలేదండి. మీరు చేపలమ్ముతారా?"

"లేదు సార్. టైపు."

అధికారి మళ్ళీ గంగాలమ్మకేసి చూశాడు. ఆవిడ మాస్టారికేసి చూసింది. ఆయన కాగితానికేసి చూశారు. అలా చూపులు ఒక చుట్టు తిరిగాక అధికారి కాగితాలు వెనక్కి ఇచ్చేశాడు. "వాళ్ళు చెప్పుకున్నరోజున వింటాను. ఇంకా మూడు వారాలుంది."

మెట్లు దిగుతున్నప్పుడు గంగాలమ్మ ఏమీ అనలేదు. మిగతావాళ్ళూ అనలేదు. అన్నా బాగుండేదని మాస్టారికి అనిపించింది.

మర్నాడు తెల్లారగానే క్షమాపణ చెప్పుకుందామని ఆయన ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళారు. ఇస్త్రీచొక్కా వేసుకుని వెళ్ళారు. గంగాలమ్మ తట్టనిండా కానాగంత చేపలు కొని, మీద మంచు కొట్టించి, పోతమ్మ కోసం చూస్తోంది. నిండు తట్ట ఎవరికివాళ్ళు నెత్తికెత్తుకోలేరు. అటువైపు ఇంకో మనిషి చెయ్యి వేయాలి.

"రేతిరనక పగలనక రాసీసినారు, ఆ సేతులకి బలముందేటి?" అంది. "ఓ సెయ్యెయ్యండి."

మాస్టారు చెయ్యి వేశారు. తట్ట ఆవిడ తలమీద గుడ్డచుట్టలో కూర్చుంది. ఆవిడ మెడ సర్దుకుని అడుగు వేసింది. అంతటితో ఆయన పని అయిపోయింది. కాని నిన్నటి తప్పు మనసులో ఉంది కదా, ఇంతబరువు ఒక ఆడమనిషి ఒంటరిగా మోయడమేమిటని, ఆయన తట్ట అంచు వదలకుండా పక్కనే నడిచారు. అయిదడుగులు సవ్యంగా సాగాయి. ఆరో అడుగులో ఆవిడ మెడ ఒకవైపు లెక్కచూసుకుంది, ఆయన చెయ్యి ఇంకోవైపు లెక్కచూసుకుంది. కానాగంతలన్నీ దిగివచ్చాయి. మంచు ముందొచ్చింది. ఒక చేప నేరుగా చొక్కా జేబులోకి, పెన్ను పక్కకి వచ్చి ఆగింది.

హార్బర్‌లో నవ్వనివాళ్ళు లేరు. గంగాలమ్మ నవ్వలేదు. చేపలు ఏరుకుంటూ, 'మీరు' కాస్తా 'నువ్వు' చేసి చెప్పింది.

"ఎత్తి ఒగ్గీయాలి మేస్టారూ. పట్టుకుని నడిత్తే నాకూ బరువే, నీకూ బరువే, సేపలేమో నేలపాలు. ఎత్తినంతవరకే నీది. నడక నాది. ఎత్తకుండా పోయినోడు పాపిష్టోడు, ఒగ్గకుండా ఉన్నోడు ఎర్రోడు. నువ్వు మంచోడివే గాని ఎర్రోడివి. ఆఫీసులో సేసిందీ ఇదే. మాకు నోరు లేదేటి?"

మాస్టారు చేప చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డారు. పద్నాలుగుసార్లు కొట్టినప్పుడు దొరకని అర్థం ఇప్పుడు జేబులోంచి దొరికింది. ఆ అవతారంతోనే చర్చికి పరుగెత్తి, ఫాదర్‌కి మొత్తం చెప్పారు. ఫాదర్ ముందు కిటికీ తెరిచారు, తర్వాత విన్నారు. విని, ఆ మాట లాటిన్‌లో అసలు సాయం అనే అర్థంతోనే పుట్టిందని చెప్పి, ఒగ్గడమంటే వదలడమని మాస్టారిచేత చెప్పించుకుని, బల్లమీది కాగితంలో తన వచ్చీరాని తెలుగు అక్షరాల్లో రాసుకున్నారు: ఎత్తి ఒగ్గీయడం.

ఆవేళే మాస్టారు సంఘానికి రాజీనామా చేశారు. రెండు రాజీనామాలు, పదవులు రెండు కాబట్టి. తొమ్మిది పేజీల మహజరు మాత్రం చింపలేదు. అంత గొప్పవాడేం కాదు, బీరువాలో దాచుకున్నారు. గంగాలమ్మ అధ్యక్షురాలైంది. "ఏం రాయాలో మీరు చెప్పండి. నేను కొట్టిపెడతాను. ఎత్తడం వరకే," అన్నారు.

తెలుగు మిషన్ ముందు ఆయన, చుట్టూ ఆడవాళ్ళు. మొదలుపెట్టగానే చిక్కొచ్చింది. వాళ్ళు "సేపలు" అన్నారు. వేలు అలవాటుగా 'చ' మీదకి వెళ్ళింది. పేజీకి నాలుగో తప్పు క్షమించని మనిషి, వేలు గాలిలో ఆపి, గట్టిగా ఊపిరి తీసుకుని, 'స' కొట్టారు. మొత్తం అర్జీలో అలాంటివి పదకొండు. నేర్చుకునే పిల్లలు చూడకుండా మిషన్ని గోడవైపు తిప్పుకున్నారు.

"అయ్యా, సందు మాది కాదు, అందరిదీ. నీల్లు రోడ్డుమీదకి పోతన్న మాట నిజం. పదకొండు గంటలకి సేపలెత్తేసి సందు మేమే కడుగుతాం. రిచ్చాకి దారి ఒగ్గుతాం. ఒగ్గనోళ్ళని ఆ రోజుకి కూకోనివ్వం, అది మేం సూసుకుంటాం. కాలవ తవ్వడం మా వల్ల కాదు, అది తమరే సెయ్యాల. ఆరు నెలలు సూడండి. బాగోపోతే మేమే పోతాం."

అంతే. అర పేజీ.

జవాబు కోసం వాళ్ళు ఆగలేదు. మర్నాటినించే పదకొండింటికి చీపుళ్ళు పట్టారు. దారికి అడ్డంగా తట్ట పెట్టినందుకు మొదటివారం ఒకావిడని ఒకరోజు కూర్చోనివ్వలేదు. ఆవిడ పోతమ్మే. ఆరోజంతా సందు చివర నిలబడి గంగాలమ్మని తిట్టింది, పదకొండింటికి మాత్రం చీపురు తీసుకుని వచ్చింది. గడువుకి నాలుగు రోజుల ముందు అధికారి చెప్పకుండా వచ్చాడు. పన్నెండు గంటలవేళ సందు పొడిగా ఉంది. అర్జీ మీది సంగతులు గంగాలమ్మని అడిగితే, ఆవిడ ఆగకుండా పావుగంట చెప్పింది. కాలవ ఎక్కడ మొదలై ఎక్కడ దిగాలో చీపురుతో గీసి చూపించింది. మాస్టారు సందు మొదట్లో, కూరగాయలు కొనుక్కునేవాడిలా నిలబడి, నోట్లోకి వస్తున్న ఆరో పేజీని మింగుకుంటూ ఉన్నారు.

ఆరు నెలలు చూద్దామన్నాడు అధికారి. కాలవ తవ్వించాడు. ఆరు నెలలు అయ్యాయి, మళ్ళీ నోటీసు రాలేదు. హైవే పక్క షెడ్డులో ఎవరో ఎండుగడ్డి నిలవచేసుకున్నారని చెప్పుకున్నారు.

ఎన్నికలు వచ్చాయి. పోయాయి. మళ్ళీ వచ్చాయి. ఫాదర్ వర్కీ చెప్పిన పాఠం ఆ సందులో ఒకే ప్రశ్నగా మిగిలింది. ఓటడగడానికి ఎవరొచ్చినా తట్టల వెనకనించి అడిగేవారు, "ఎత్తి ఒగ్గేత్తావా, పట్టుకుని నడుత్తావా?" అని. ఒకాయన దండం పెట్టి, "ప్రాణం పోయేదాకా పట్టుకునే నడుస్తానమ్మా, వదిలే ప్రశ్నే లేదు," అన్నాడు. ఆ సందులో తనకి ఓట్లెందుకు రాలేదో ఆయనకి ఇప్పటికీ తెలీదు.

మాస్టారికి మాత్రం ఆ అయిదో ఆదివారం పేరు అంటుకుపోయింది. వన్‌టౌన్‌లో ఆయన సబ్సిడీ మాస్టారు. 'సబ్సిడీ మాస్టారు గారికి' అని పైన రాసిన శుభలేఖలు కూడా వచ్చాయి. అచ్చుతప్పు దిద్దడానికి ఆయన వెళ్ళలేదు. రెండువేల సంవత్సరం దాటాక పిల్లలు కంప్యూటర్ల వైపు పోయారు. పన్నెండు మిషన్లలో తొమ్మిదింటికి గుడ్డ కప్పేశారు. అచ్యుతాపురం వైపు ఫ్యాక్టరీలకి భూములు పోయి, అక్కడినించి కొంతమంది ఆడవాళ్ళు చేపలమ్ముకోడానికి ఈ సందుకి వస్తే, చోటు ఇవ్వాలా వద్దా అని సంఘం రెండు రోజులు దెబ్బలాడుకుంది. చివరికి ఒక్కొక్కరూ జానెడేసి జరిగి చోటిచ్చారు. ఆ రెండు రోజులూ మాస్టారిని ఎవరూ పిలవలేదు. మూడోరోజు గంగాలమ్మ వచ్చి, తీర్మానం కొట్టిపెట్టమంది. 'జరిగేం' అని కొట్టారాయన. వేలు ఇప్పుడు తడబడటం లేదు.

ఆ తర్వాత వచ్చిన ఎన్నికల్లో గెలిచిన కార్పొరేటర్ కొండలరావు, మాస్టారి శిష్యుడే. టైపు లోయరు పరీక్ష రెండుసార్లు తప్పాడు. సందులో ప్రశ్న అడిగినప్పుడు, "పిలిస్తే వచ్చి ఎత్తుతాను, పిలవకపోతే రాను," అని చెప్పి గెలిచాడు. గెలిచినవాడు సహజంగానే పిలుపుకోసం ఎదురుచూశాడు.

పిలుపు రాలేదు. ఆ ఏడాది వానలకి ముందు సంఘం తనంతట తానే సందుకి కడప రాతి పలకలు వేయించుకుంది. సంగతి తెలిసి కొండలరావు ఒక పొద్దున్న పదిమందితో, ఫొటోగ్రాఫరుతో, కత్తెర పెట్టిన పళ్ళెంతో వచ్చాడు. వచ్చేసరికి పలకలమీద నిండా తట్టలున్నాయి. బేరాలు సాగుతున్నాయి. రిబ్బను కట్టడానికి ఖాళీ ఉన్నచోటల్లా రిక్షా దారి. అక్కడ కడితే ఆ రోజుకి కూర్చోనివ్వరు.

గంగాలమ్మ తల ఎత్తి, "రా బాబూ, సందువా సేపలు తాజాగా ఉన్నాయి, ఏటి కావాల?" అంది.

కొండలరావు చుట్టూ చూశాడు. సంచీ పట్టుకుని కవళ్ళ చేపలు ఏరుకుంటున్న మాస్టారు కనబడ్డారు.

"ఏంటి మాస్టారూ ఇది. నా వార్డులో, నాకో మాట చెప్పకుండా సందంతా పలకలు పరిచేశారు. వీళ్ళకి తెలీదంటే సరే, మీరైనా కబురు పెట్టొద్దా? కార్పొరేటరని నేనొకణ్ణి ఉన్నాను కదండీ."

మాస్టారు గంగాలమ్మకేసి చూశారు. ఆవిడ త్రాసులోకి చూస్తోంది, కాని చెవి ఇటే ఉంది. ఆయన కవళ్ళు సంచీలో వేసుకుని, చొక్కా జేబు ఒకసారి తడుముకుని, పోపుగారి పేరు మీద రెండోసారి, ఈసారి తెలిసే, మాట చెప్పారు.

"ఇంత చిన్నపనికి నీ అంతటివాణ్ణి ఇబ్బంది పెట్టొద్దని పోపుగారి ఆర్డరు నాయనా."